నా తల మీది ఒట్టు

మా అమ్మ కోపం వస్తే చేతికందిన వస్తువు విసిరే మనిషి కాదు. చేతికందిన తల మీద ఒట్టు వేసే మనిషి. వస్తువు విసిరినా బాగుండేది. పగిలితే పగిలేది, ఊడ్చి పారేసుకునేవాళ్లం. ఒట్టు పడ్డాక ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరిగి నడవాలి. ఒకసారి పప్పులో ఉప్పు ఎక్కువైందన్నందుకు బాపు మీద ఒట్టు వేసి, నెల రోజులు పప్పు వండలేదు. ఆ నెల మేం తిన్న పచ్చిపులుసు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పులుస్తాయి.

అట్లాంటివన్నీ నెలకో రెండు నెలలకో తీరిపోయేవి. తీరనిది ఒక్కటే. అది నా తల మీద పడింది.

మాది మోత్కూరు దగ్గర పల్లె, సాలెల ఇల్లు. బాపు మగ్గం నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. అమ్మకు తల్లీదండ్రీ లేరు. తల్లిగారిల్లంటే ఒక్క తమ్ముడే. ఆయన మగ్గం వదిలి, నాలుగక్షరాలు ఉర్దూ నేర్చుకుని, నల్గొండలో కచేరీలో నౌకరి సంపాదించాడు. తమ్ముడి మీద అమ్మకు ప్రాణం. ఆయన మిల్లు బట్ట అంగీ వేసుకుంటాడని మాత్రం కడుపులో మంట. సాలెబిడ్డ మిల్లు బట్ట కట్టడం, కుమ్మరి ఇంట్లో సత్తు గిన్నెల్లో వండుకోవడం ఆమెకు ఒకటే.

పోలీస్ యాక్షన్ గడిచి రెండేళ్లయి ఉంటుంది. నాకు అప్పుడు ఆరేళ్లు. మామ కొడుకును తొట్లెలో వేసే పండుగ అని పిలుపు వస్తే అందరం నల్గొండ పోయాం. బాపు మామ కోసం ఎనిమిది రోజులు కూర్చుని ఎర్ర అంచు కండువా నేశాడు. అమ్మ దాన్ని పసుపు బొట్టు పెట్టి తమ్ముడి భుజం మీద తనే కప్పింది. మామ దాన్ని కాసేపు వేసుకుని, చెమట పడుతుందని దండెం మీద ఆరేశాడు. అంతవరకు అంతా బాగానే ఉంది.

బంతి సాగింది. అమ్మ, పక్కన నేను, విస్తళ్ల ముందు కూర్చున్నాం. ఎదురుగా వాకిట్లో వంటవాడు గుండిగె వంచి గంజి వారుస్తున్నాడు. గుండిగె మూతికి ఒక గుడ్డ కట్టాడు. దానికి ఎర్ర అంచు ఉంది.

అమ్మ కలిపిన ముద్ద అట్లాగే వదిలేసి లేచి నిలబడింది. నేను పక్కన కూర్చున్న పాపానికి, పప్పన్నం అంటిన చేతినే నా నెత్తిన పెట్టింది.

"ఇగ ఈ ఇంట్ల నేను గాని నా ఇంటోళ్లు గాని సుక్క నీళ్లు ముడితే, గీ బిడ్డ నాకు దక్కదు. ఒట్టు!"

మా వైపు నీళ్లు ముట్టననడం అంటే మామూలు అలక కాదు. నీళ్లు ముట్టని ఇంట అన్నం తినరు, పొద్దు గూకితే పడుకోరు, మంచికీ చెడ్డకూ గడప దాటరు. సంబంధం తెగినట్టే లెక్క. దాన్ని ఆమె ఒక గంజిగుడ్డ కోసం నా ప్రాణం అడ్డం పెట్టి తెంపింది. గోటితో పోయేదానికి గొడ్డలి తేవడం అంటే ఇదే.

అసలు విషయం అరగంటలో తేలిపోయింది. వంటవాడు చేతులు జోడించి, "దండెం మీదున్నది, గుడ్డె గదా అని తీసిన తల్లీ" అన్నాడు. అత్తమ్మకు తెలియదు, మామకు అసలే తెలియదు. అత్తమ్మ బాలింత, గదిలోంచి ఏడుస్తూ బయటికి వచ్చింది. మామ అమ్మ కాళ్లు పట్టుకున్నాడు. బాపు అయితే నెత్తి కొట్టుకున్నాడు. "నేసినోన్ని నేను. నాకు లేని కోపం నీకెందుకే? ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు" అన్నాడు.

"తప్పు వాండ్లది గాదని నాకూ ఎరుకాయె. గని ఒట్టు పడ్డది గద" అన్నది అమ్మ. "గట్టు మీద పెట్టనీకి ఇది పిలగాండ్ల ఆట ఒట్టా?"

చూడండి ఆ న్యాయం! తప్పు లేదని తెలుసు. కోపం కూడా పోయింది. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు దారంతా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఒట్టు మాత్రం ఉండిపోయింది. నా జుట్టులో పప్పు వాసన మూడు రోజులకు పోయింది, ఒట్టు పోవడానికి పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లూ నేను బతికిన బతుకు చెప్పుకోవాలి. నాకు తుమ్ము వచ్చినా అమ్మ ఇంట్లో అందర్నీ వరసగా నిలబెట్టి విచారణ చేసేది. "నల్గొండ పోయినోళ్లు ఎవరన్న ఆ ఇంట్ల నీళ్లు తాగిండ్రా?" అని. చలిజ్వరం వస్తే బాపు పని అయిపోయేది. నూలు కోసం నల్గొండ పోయి వచ్చినవాడు ఆయనే కదా. "నేను నీ తమ్మునింటి దిక్కు కన్నెత్తి చూడలేదే" అని ఆయన మొత్తుకునేవాడు. నేను మంచంలో వణుకుతూ ఆ పంచాయితీ వినేదాన్ని. ముందు నాకింత మందు పొయ్యండిరా అని అరవాలనిపించేది.

మా ఊళ్లో బడి ఏడో తరగతితో ఆగిపోయింది. నాకు చదువు మీద పిచ్చి. పైచదువుకు నల్గొండే పోవాలి. నల్గొండలో ఆడపిల్ల ఉండటానికి మామ ఇల్లు తప్ప దిక్కు లేదు. బాపు భయపడుతూ భయపడుతూ మాట కదిపాడు. అమ్మ రెండు రోజులు కండెలు చుడుతూ ఆలోచించి తీర్పు చెప్పింది.

"ఉండొచ్చు. పండొచ్చు. ఒట్టుల నేనన్నది నీళ్లే. నీళ్లు ముట్టొద్దు."

నీళ్లు ముట్టకుండా ఎట్లా బతుకుతారని అడిగితే దానికీ జవాబు ఉంది. మామ ఇంట్లో బావి లేదు. గోడ అవతల ఒక సాయిబుల ఇల్లు, అందులో ముసలామె ఒక్కతే ఉండేది. నేను ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. ఆ వాడకట్టు మొత్తానికి ఆమె బావి నీళ్లే. నేను ఆ బావిలో నీళ్లు చేదుకుని, మామ ఇంటి అరుగు మీద మూడు రాళ్లు పెట్టుకుని, నా బియ్యం నేను వండుకోవాలి.

"అమ్మా, అత్తమ్మ తెచ్చేది గూడ ఆ బాయి నీళ్లే గదా" అన్నాను.

"నువ్వు చేదుకుంటే నీ నీళ్లు. ఆమె చేదితే ఆమె నీళ్లు" అన్నది అమ్మ. ఇంత న్యాయశాస్త్రం తెలిసిన మనిషి కండెలు ఎందుకు చుడుతున్నదో నాకు అర్థం కాలేదు.

అట్లా నేను మామ ఇంటికి చేరాను. అత్తమ్మ ముఖం చూడాలంటే సిగ్గయ్యేది. లోపల పొయ్యి మీద కూర ఉడుకుతుంటే, ఆడబిడ్డ కూతురు బయట పొగలో కూర్చుని అన్నం వండుకుంటుంటే, దారిన పోయేవాళ్లు ఆ ఇల్లాలిని ఏమనుకుంటారు? అయినా ఆమె ఒక్క మాట అనలేదు. నా రాళ్ల పక్కన ఎండు పుల్లలు మాత్రం పెట్టి పోయేది. మామ కచేరీ నుంచి వచ్చి, "అమ్మ బాగున్నదా?" అని అడిగి, జవాబు వినకముందే లోపలికి పోయేవాడు.

నిష్ఠ నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు బడి నుంచి మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చాను. నా బిందెలో చుక్క లేదు. ఖాలా ఇంటికి తాళం. లోపల అత్తమ్మ మంచినీళ్ల కుండ, రంజన్, చల్లగా చెమర్చి కనబడుతోంది. ఎంతసేపని ఆగుతాను? పోయి రెండు చెంబులు గటగటా తాగేశాను.

తాగాక భయం వేసింది. నేను దక్కను కదా మరి. అరుగు మీద గోడకు ఆనుకుని, పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని, చావు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. పొద్దు గూకింది. చావు రాలేదు, ఆకలి వచ్చింది. మరునాడు ఒక చెంబు తాగాను. ఆ తర్వాత లెక్క లేదు. అత్తమ్మ చూసి కూడా చూడనట్టు ఉండేది. నెల తిరిగేసరికి అన్నం కూడా లోపలే తింటున్నాను, నా మూడు రాళ్ల పొయ్యిలో బూడిద చల్లారిపోయింది. అమ్మ వస్తుందని కబురు తెలిసిన రోజు మాత్రం పొద్దున్నే అది మళ్లీ రాజుకునేది.

అమ్మ రెండు మూడు నెలలకోసారి బియ్యం మూట పట్టుకుని బస్సులో వచ్చేది. గడప దాటేది కాదు. అరుగు ఈ చివర ఆమె, ఆ చివర మామ. మధ్యలో నేను. "మీ మామ ఎందుకు చిక్కిండో అడుగు" అనేది. "మీ అమ్మకు కళ్లు మంచిగ కనబడుతున్నయో లేదో అడుగు" అనేవాడు. ఇద్దరి మధ్య నాలుగు మూరల దూరం. ఒకరి మాట ఒకరికి సుబ్బరంగా వినబడుతోంది. అయినా నేను రెండుసార్లూ చెప్పాలి. దప్పికైతే అమ్మ గోడ అవతలికి పోయి ఖాలా చేత నీళ్లు పోయించుకుని తాగేది. ఆ రోజుల్లో మా వాళ్లు సాయిబుల ఇంట మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. ఒట్టు ముందు ఆ పట్టింపు కూడా ఓడిపోయింది. తోడబుట్టిన వాడి నీళ్లు మాత్రం పనికిరావు.

ఒకసారి అట్లా తాగుతుంటే ఖాలాయే అడిగింది. "మాకు కసం, గదే మీ ఒట్టు, తప్పితే పదిమంది గరీబోళ్లకు అన్నం పెట్టాలె. లేకుంటే మూడు దినాలు రోజా ఉపాసం ఉండాలె. అయిపాయె. మీకు గట్ల లేదా అమ్మా?"

"మాకు లేదు" అన్నది అమ్మ, మాకేదో పెద్ద గౌరవం ఉన్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదిమందికి అన్నం పెడితే పోయేదానికి ఇన్నేళ్లా? ఆ కోపంతోనే బడిలో తెలుగు పంతులు గారిని అసలు ఒట్టు అంటే ఏమిటని అడిగాను. ఆయన రెండు రాష్ట్రాలూ కలిశాక కోస్తా నుంచి వచ్చినవాడు. మేం నోరు తెరిస్తే నవ్వేవాడు గాని, మాటల పుట్టుపూర్వోత్తరాలు అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాడు.

"ప్రమాణం అంటే కొలతమ్మా. కొలిచి ఇచ్చిన మాట. బాస అంటే భాషే, నోట్లోంచి వచ్చిన మాట. ఆన అంటే ఆజ్ఞ. ఒట్టు మాత్రం సంస్కృతం కాదు, మన తెలుగే. పక్క భాషల్లో చూస్తే, అంటుకోవడం అనే అర్థంతో దీనికి చుట్టరికం ఉన్నట్టు కనబడుతుంది. ఒట్టుమామిడి చూశావుగా? ఒక చెట్టు కొమ్మ ఇంకో చెట్టుకు అంటుకట్టేస్తారు. అట్లా మనిషి మాట మనిషికి అంటుకుపోతుందన్నమాట."

"వేసినామె గాక ఇంకొకరు తియ్యొచ్చునా సార్?"

"అది నిఘంటువులో ఉండదమ్మా" అని నవ్వాడు.

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని అదే ఆలోచించాను. కొలత అయితే తగ్గించుకోవచ్చు. మాట అయితే వెనక్కి తీసుకోవచ్చు. ఆజ్ఞ అయితే ఇచ్చినవాళ్లే రద్దు చేయవచ్చు. మా అమ్మకు దొరికింది అంటుకునేది. అది కూడా ఆమెకు కాదు, నాకు అంటించింది. అంటుకున్నంత మాత్రాన ఊడకూడదా? మా మగ్గం మీద అతికిన పోగులు దినాం పది తెగుతాయి. బాపు తిట్టుకుంటూ మళ్లీ మెలిపెడతాడు. బట్ట ఆగిందా?

ఇంత తెలివి ఉన్నదాన్ని అమ్మతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పవలసిన మాట చాలా చిన్నది. నేను తాగాను, నాకేం కాలేదు. అంతే. ఆ మాట చెబితే ఆమెకు తమ్ముడు తిరిగి వస్తాడని నాకు తెలుసు. చెబితే నన్ను మూటాముల్లెతో ఊరికి తీసుకుపోతుందని కూడా తెలుసు. చెప్పేద్దామని ప్రతిసారీ అనుకున్నాను. ఆమె బస్సెక్కగానే ఈసారి కాదు, వచ్చేసారి అనుకున్నాను. తొమ్మిదో తరగతి అట్లా పోయింది. పదో తరగతి కూడా పోయింది.

నా పరీక్షలు అయిపోయిన వారానికి మామకు తబాదలా అయింది. నల్గొండ నుంచి కోస్గికి బదిలీ. మహబూబ్‌నగర్ అవతల. మా పల్లె నుంచి పోవాలంటే నాలుగు బస్సులు మారాలి. కబురు విని అమ్మ పరుగున వచ్చింది. వాకిట్లో లారీ నిలబడి ఉంది. సామానంతా ఎక్కించారు. అమ్మ ఎప్పటిలాగే అరుగు చివర కూర్చుంది.

"కొత్తింట్ల ఒట్టు లేదు గదా అమ్మా. నువ్వన్నది ఈ ఇల్లే గదా" అన్నాను ఆశగా.

"ఇల్లంటే గోడలా? ఇల్లంటే నా తమ్ముడు" అన్నది. ఆ మాట అంటూ ఆమె మామ వైపు చూడలేదు. చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ కూర్చుంది.

ఇక నాకు ఓపిక లేకపోయింది. ఆమె మీద ఎంత కోపమో నా మీద అంత కోపం.

"అమ్మా, నేను ఈ ఇంట్ల నీళ్లు తాగిన."

"ఎప్పుడు?"

"వచ్చిన వారంలనే."

"ఒక్కసారా?"

"కాదు. దినాం. మూడేండ్ల సంది."

అమ్మ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. నేను నిజంగా ఉన్నానా లేదా అని చూసినట్టు ఉంది. తర్వాత చెంప మీద ఒక్కటి కొట్టింది. చెవి గుయ్యిమన్నది.

"నీకెరుకనా?" అని అత్తమ్మను అడిగింది. అత్తమ్మ తల ఊపింది.

"నీకు?" అని మామను అడిగింది. పదేళ్లలో ఆయనతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. మామ నేల చూపులు చూశాడు.

"అందరికీ ఎరుకే. నేనొక్కదాన్నే గీ అరుగు మీద కావలి కూసున్న" అన్నది.

అని లేచి గడప దాటింది. ఆ ఇంట్లో ఇక దాటడానికి గడప తప్ప ఏమీ లేదు. గదులన్నీ ఖాళీ. రంజన్ కూడా వంచేసి లారీలో గడ్డి చుట్టి పెట్టారు. పదేళ్ల తర్వాత నీళ్లు తాగుదామని లోపలికి పోతే ఇంట్లో చుక్క లేదు! ఆ క్షణంలో నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని గోడ అవతలికి ఉరికింది. గిన్నెలన్నీ మూటల్లో ఉన్నాయి. ఖాలా ఇంటి బొక్కెనతోనే నీళ్లు తెచ్చింది.

"వదినే, చెంబు గూడ లేదు" అన్నది ఏడుపు గొంతుతో.

అమ్మ వంగి దోసిలి పట్టింది. అత్తమ్మ పోసింది. తాగుతున్నంతసేపూ అమ్మ చూపు నా మీదే ఉంది. నేను కదలకుండా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే మూడేళ్లు తాగిన నాకు కూడా ఆ ఒక్క దోసిలికి గుండె దడదడలాడింది. ఆమె తాగడం ఆపలేదు. బొక్కెన సగం అయిపోయింది. మామ "అక్కా" అన్నాడు. లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. వాళ్లు ఎక్కారు, లారీ పోయింది.

మధ్యాహ్నం బస్సుకు మేమిద్దరం ఊరికి బయలుదేరాం. దారిలో అమ్మ నా వాచిన చెంప మీద చెయ్యి వేసి చూసింది.

"తాగినందుకు కొట్టలే బిడ్డా. మొదటి వారంల చెప్తే మూడేండ్లు నాకు తమ్ముడు ఉంటుండె."

నేను పుస్తకాల సంచి ఒళ్లోకి లాక్కున్నాను.

"సదువు మాన్పిస్తనని భయపడ్డవా?"

"ఆ" అన్నాను.

అమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు.

"మాన్పిస్తుంటి" అన్నది.

నేను పదో తరగతి పాసయ్యాను, టీచరు ట్రెయినింగు చేశాను, ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. అదంతా అమ్మకు చెప్పకుండా ఆమె దగ్గర తీసుకున్న మూడేళ్లతో చదివిన చదువు.